చూరు నీళ్ళ వాటం

పెంకుటింట్లో ఉంటున్నాం అంటే ఇప్పుడు కోనసీమలో కూడా జనం కాస్త జాలిగా చూస్తున్నారు. వచ్చినవాళ్ళు తల పైకెత్తి వాసాలు చూసి, "ఎప్పుడు పడగొడుతున్నారండీ?" అని అడిగేస్తారు. మా మామగారి తండ్రి కట్టించిన ఇల్లు. బెంగుళూరు పెంకు, ముందు వరండా, వెనక్కి తిరిగి ఎల్ ఆకారంలో వంటిల్లు. వేసవిలో కరెంటు పోతే డాబా ఇళ్ళవాళ్ళే వచ్చి మా వరండాలో కూర్చుంటారు కాబట్టి ఆ జాలిని నేను పెద్దగా పట్టించుకోను. కానీ ముందటేడు అక్టోబరు వాయుగుండానికి పడమటింటి మూల గోడ నానిపోయి, సున్నం పొరలు పొరలుగా రాలడం మొదలెట్టింది. ఆ గోడకే మా బట్టల బీరువా ఆనుకుని ఉంటుంది. పట్టుచీరలకు బూజు వాసన పట్టాక ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

సలహాలకు లోటు లేదు. మా బావగారు, "పెంకు తీసేసి శ్లాబు పోయించేయండి, పీడా పోద్ది" అన్నారు. తాపీ మేస్త్రి ఒకాయన వచ్చి గోడ తట్టి చూసి, ఇది నేల చెమ్మ, గోడ కొట్టేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేయాలన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. నేల చెమ్మ కింది నుంచి పైకి పాకుతుంది, మహా అయితే నడుము ఎత్తు దాకా వస్తుంది. మా గోడ మీద మరక చూరు దగ్గర మొదలై కిందికి దిగింది, కింద మూరెడు మేర గోడ పొడిగానే ఉంది. పోనీ పెంకు పగిలిందా అంటే లోపల ఒక్క చుక్క కారలేదు. మిగిలింది చూరు కింద వేలాడుతూ పెంకు మీది నీళ్ళను పైపులోకి పంపే రేకు గట్టరే.

మొదట్లో ఈ ఇంటికి గట్టర్లు లేవట. నీళ్ళు చూరు నుంచి ధారలుగా దొడ్లోనే పడేవి, ఇసక నేల కాబట్టి ఇంకిపోయేవి. రెండు వాలులు కలిసే మూలలో మాత్రం నీళ్ళు ఎక్కువగా దూకుతాయని తాటి దోనె కట్టేవారని అత్తయ్యగారు చెబుతారు. 1996 నవంబరు తుఫానుకు సగం పెంకు ఎగిరిపోయింది. కప్పు మళ్ళీ నేయించినప్పుడు, ఇంటి చుట్టూ సిమెంటు చపటా కూడా పోయించారు. అప్పుడు మొదలైంది ఇబ్బంది. చూరు నీళ్ళు చపటా మీద పడి గోడ అడుగుకు చింది కొట్టేవి. అందుకని జింకు రేకు గట్టర్లు పెట్టించారు. పెట్టించి మర్చిపోయారు. పైన ఉన్న వస్తువు, నిలబడి చూస్తే కనిపించదు, చప్పుడు చెయ్యదు. ఏటా వాకిలి అలుకుతాం, బావి పూడిక తీయిస్తాం, గట్టరు సంగతి ఎవరికీ గుర్తురాదు.

రేకుల మేస్త్రిని పిలిచే ముందు నేను చేసిన పని ఒకటే. వాన జోరుగా కురుస్తుండగా గొడుగేసుకుని ఇంటి చుట్టూ తిరిగాను. అత్తయ్యగారు వరండాలోంచి కేకలేస్తూనే ఉన్నారు. ఎండలో నిచ్చెనెక్కి చూస్తే తెలియని సంగతులు ఆ పావుగంటలో తెలిసిపోయాయి. పడమటి గట్టరు నడిమధ్యన కుంగి ఉంది, అక్కడ ఇనప పట్టీలు తుప్పుపట్టి రెండు ఊడిపోయాయి. నీళ్ళు పైపు వైపు పోకుండా వెనక్కి ఆ పల్లంలోకే వచ్చి నిలుస్తున్నాయి. నిలిచి, ముందుకు పొర్లినా బాగుండేది. గట్టరు గోడ వైపు అంచు ముందు అంచు కంటే పల్లంగా వంగి ఉండడంతో వెనక నుంచి పొర్లి, చూరు చెక్కను తడిపి, వాసాల చివర్ల మీదుగా తిన్నగా గోడలోకి దిగుతున్నాయి. ఇక వంటింటి వాలు, పడమటింటి వాలు కలిసే మూలలో నీళ్ళు గట్టర్లో పడనే లేదు, దాని మీంచి దూకి అవతల పడుతున్నాయి. పైపులోంచి మాత్రం సన్నటి ధార, కుళాయి విప్పినంత.

ఎన్ని నీళ్ళు రావాలో ఇంట్లో కూర్చుని లెక్క వేశాను. స్కూల్లో పిల్లలకు చెప్పే లెక్కే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మా పడమటి వాలు దాదాపు 60 చదరపు మీటర్లు. గంటకు 50 మిల్లీమీటర్ల జోరుతో కురిస్తే మూడు వేల లీటర్లు, అంటే నిమిషానికి 50 లీటర్లు, మూడు బిందెల పైమాటే. ఇదంతా రెండున్నర అంగుళాల పైపులోంచి, అదీ సగం పూడిన దాంట్లోంచి పోవాలంటే ఎలా పోతుంది?

చలికాలం అంతా ఊరుకుని మే నెలాఖరులో పని పెట్టుకున్నాం. ఆ సమయం కావాలనే ఎంచుకున్నాను. మా దొడ్లో వేప చెట్టు ఉంది, దాని ఆకు రాలడం ఉగాదికి అటూఇటూగా అయిపోతుంది. అంతకుముందు శుభ్రం చేయిస్తే మళ్ళీ నిండుతుంది. నైరుతి రుతుపవనాలు మామూలుగా కేరళకు జూన్ ఒకటికి వస్తాయి, మనదాకా రావడానికి ఇంకో వారం పది రోజులు. ఆ మధ్యలోనే అన్నీ అయిపోవాలి.

నిచ్చెన వేసే ముందు లైన్‌మన్‌కు కబురు పెట్టాం. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు మా చూరును రాసుకుంటూ మీటరు దాకా వెళ్తుంది. ఇంట్లో మెయిన్ ఆపేస్తే చాలనుకుంటారు చాలామంది. మెయిన్ ఆపినా మీటరు దాకా వచ్చే ఆ వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. స్తంభం దగ్గరే తీయించాలి. పనివాళ్ళు నవ్వారు గానీ నేను పట్టు వదల్లేదు. పెంకు మీద అడుగులు కూడా ఎక్కడపడితే అక్కడ వేయకూడదు. కింద పట్టె ఉన్నచోట, ఒక పెంకు మీద ఇంకో పెంకు ఎక్కిన వరసలో కాలు వేస్తే విరగవు. మా ఇంట్లో మునుపు పగిలిన పెంకుల్లో సగం కోతులు పగలగొట్టినవైతే మిగతా సగం బాగుచేయడానికి ఎక్కినవాళ్ళు పగలగొట్టినవి.

గట్టర్లోంచి ఏమేం వచ్చాయో చెబితే ఒక పూట పడుతుంది. వేపాకు ఈనెలు, మునగాకు, పిల్లల టెన్నిస్ బంతి, కొబ్బరి పీచుతో కట్టిన ఉడత గూడు, అడుగున పెంకు అరిగి రాలిన ఎర్ర పొడి, పాచి కలిసి గడ్డకట్టిన నల్లటి బురద. అన్నిటికంటే పైపును మూసింది కొబ్బరి పూత. కొబ్బరి తోటల మధ్య ఇల్లున్నవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఆ పూత ఏడాది పొడుగునా రాలుతూనే ఉంటుంది. ఆకు అయితే గాలికి ఎగిరిపోతుంది. ఈ పూత బరువుగా, గట్టిగా ఉండి నీళ్ళతోపాటు దొర్లుకుంటూ తిన్నగా పైపు నోట్లోకి వెళ్ళి కూర్చుంటుంది.

తీసేటప్పుడు ఇనప తాపీతో గోకవద్దని రేకుల మేస్త్రి గారు ముందే చెప్పారు. రేకు మీది జింకు పూత లేచిపోతే అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. కొబ్బరి చిప్ప, అడ్డంగా కోసిన ప్లాస్టిక్ సీసా, ఈ రెండింటితోనే మొత్తం తీశారు. ఆ నల్ల బురద వృథా చేయలేదు. బీర పాదుకు వేస్తే కాపు చూసి అందరూ అడిగారు.

మూల అతుకు దగ్గర రావి మొక్క ఒకటి, జానెడు ఎత్తు, రేకు సందులోకి వేళ్ళు దించి పచ్చగా నిలబడి ఉంది. దాన్ని పీకబోతే అత్తయ్యగారు ఒప్పుకోలేదు. రావిని ఇంట్లో చేతులతో చంపుతామా అన్నారు. పనివాడు కూడా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చివరికి వేళ్ళు తెగకుండా నెమ్మదిగా ఊడదీసి, కాలవగట్టు మీద నాటించారు. అతుకులో మిగిలిన సన్న వేళ్ళను మాత్రం నేనే దగ్గరుండి తీయించాను. వేరు ముక్క ఉంటే చాలు, రావి మళ్ళీ లేస్తుంది.

నిలవ నీళ్ళలో దోమ పిల్లలు తోకలాడిస్తూ కనిపించాయి. మా వీధికి ఆశా కార్యకర్త ఫ్రైడే డ్రైడే అంటూ వస్తుంది, కుండీలు, పూలతొట్లు, పాత టైర్లు చూసి బోర్లించమంటుంది. మంచి పనే. కానీ తల పైకెత్తి గట్టర్లలోకి ఎవరు చూస్తారు? డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి మన ఎండల్లో వారం పది రోజులు చాలు. పొద్దున్నే కుట్టే ఆ చారల దోమల కోసం మేము దొడ్డంతా వెతికాం, పుట్టిల్లు నెత్తిమీదే ఉంది.

శుభ్రం చేయడం తేలిక. అసలు పని ఆ తర్వాతే. మా రేకుల మేస్త్రి గారికి వయసు మళ్ళింది గానీ చెయ్యి మళ్ళలేదు. గట్టరు మొత్తం చూసి, "రేకు బాగానే ఉందండి మేడంగారండీ, పట్టీలే పోయినియ్యి. వాటం కూడా పోయింది" అన్నారు. పాత పట్టీలు నాలుగైదు అడుగులకొకటి ఉన్నాయి. తడి చెత్త బరువు అవి మోయలేకపోయాయి. ఈసారి రెండడుగులకొకటి వేయించాం. వాటం కోసం తాపీ మేస్త్రులు వాడే నీళ్ళ లెవెల్ పైపు తెచ్చి, చూరు చెక్క మీద ఈ చివర ఒక గీత, ఆ చివర ఒక గీత పెట్టారు. పది మీటర్ల పొడవుకు రెండంగుళాల పల్లం. కంటికి వంకరగా కనబడదు, నీళ్ళకు మాత్రం దారి తెలుస్తుంది. ముందు అంచును గోడ వైపు అంచు కంటే వేలెడు తగ్గించి కట్టమని అడిగాను. ఎప్పుడో ఒకరోజు గట్టరు పొర్లక మానదు. పొర్లితే వాకిట్లో పొర్లాలి గానీ ఇంట్లోకి కాదు. చివరి వరస పెంకు అంచు గట్టరులోకి ఎంత రావాలన్నది కూడా చూసుకోవాలి. మాకు అది మరీ తక్కువగా ఉండి సన్న వానలో నీళ్ళు పెంకు అడుగు నుంచి వెనక్కి పాకేవి. మేస్త్రి గారు పెంకు కింద జానెడు వెడల్పు రేకు దూర్చి, దాని అంచును గట్టర్లోకి వంచారు.

అతుకుల దగ్గర ఇదివరకు ఎవరో తారు పూశారు, దాని మీద ఇంకెవరో ఎం-సీల్ పెట్టారు. రెండూ పగిలి ఉన్నాయి. ఈసారి సిలికాన్ పెడదామా అని అడిగాను. "ఎండకి రేకు సాగుద్దండి, రేత్రికి ముడుచుకుంటదండి. పైన పెట్టింది ఏదైనా ఎన్నాళ్ళు ఆగుద్దండీ? టంకం పోద్దాం" అన్నారు. అతుకును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, ఆసిడ్ పూసి, బొగ్గుల్లో కాల్చిన రాగి కడ్డీతో టంకం పోస్తుంటే పిల్లలు వరండా దిగకుండా చూశారు. ఈ పని తెలిసినవాళ్ళు మా చుట్టుపక్కల ఇప్పుడు తక్కువైపోయారు.

టంకంలో సీసం కలుస్తుంది. కాబట్టి ఆ గట్టరు నీళ్ళు వంటకు పట్టుకోకూడదని అప్పుడే తేల్చేశాను. మా దగ్గర బోరు నీళ్ళు కాస్త ఉప్పన, ఆ నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. అందుకని వానాకాలం అత్తయ్యగారు చూరు కింద గంగాళం పెట్టి నీళ్ళు పడతారు. అది తూర్పు వైపు. అక్కడ గట్టరు లేదు, నీళ్ళు పెంకు మీంచి తిన్నగా వస్తాయి. తొలి వాన నీళ్ళు పట్టకుండా వదిలేసి, పెంకు కడుక్కుపోయాకే గంగాళం పెట్టడం ఆవిడ పద్ధతి. ఆ వైపు ఎవరు గట్టరు పెడదామన్నా నేను ఒప్పుకోను.

ప్లాస్టిక్ గట్టర్ల గురించి కూడా విచారించాను. కేరళ వైపు అన్నీ అవేనని షాపతను చెప్పాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టవు, నిజమే. కానీ 30 డిగ్రీల తేడాకు పది మీటర్ల ప్లాస్టిక్ గట్టరు దాదాపు రెండు సెంటీమీటర్లు సాగుతుంది, రేకు అర సెంటీమీటరు కూడా సాగదు. ఆ సాగడానికి అతుకుల్లో చోటు వదిలి బిగించే పనివాడు ఉంటే ప్లాస్టిక్ మంచిదే. మా ఊళ్ళో రేకు పని తెలిసిన మనిషి ఉన్నాడు, అందుకే రేకు. వస్తువు కంటే దాన్ని బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో చూసుకుని కొనడం నా అలవాటు.

మూలలో కొత్తగా వేసిన రేకు 24 గేజిది. షాపులో 26 చూపించి ఇదే గట్టిదన్నారు. గేజి నంబరు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుందని తెలియకపోతే అక్కడే మోసపోతాం.

పైపు రెండున్నర అంగుళాలది తీసేసి నాలుగంగుళాలది వేశాం. చూడ్డానికి ఒకటిన్నర అంగుళమే తేడా, నీళ్ళు పోయే చోటు మాత్రం రెండున్నర రెట్లు పెరిగింది. అడుగున ఒక్కసారిగా తిరిగే ఎల్బో బదులు రెండు సగం వంపులు, మధ్యలో మూత విప్పి చెయ్యి పెట్టగలిగే డోర్ టీ. చెత్త ఎప్పుడైనా ఆ వంపులోనే పట్టుకుంటుంది కాబట్టి ఆ మూతే మొత్తం పనిలో నాకు బాగా నచ్చిన వస్తువు. గట్టరు పొడుగునా జాలీ వేస్తే ఇక చూసుకోనక్కర్లేదని షాపువాళ్ళు గట్టిగానే చెప్పారు. వేపాకుకు పనిచేస్తుందేమో గానీ కొబ్బరి పూతకు చెయ్యదు. కన్నాలు పెద్దవైతే పూత లోపలికి జారుతుంది, సన్నవైతే పైనే పేరుకుని నీళ్ళు కూడా దూకేస్తాయి. పైపు నోటి దగ్గర మాత్రం పైకి ఉబ్బి ఉండే గుండ్రటి జాలీ పెట్టించాం. చుట్టూ చెత్త చేరినా పైనుంచి నీళ్ళకు దారి ఉంటుంది.

పని అయ్యాక మేస్త్రి గారికి డబ్బులు ఇచ్చే ముందు బకెట్లతో నీళ్ళు పోయించాను. నీళ్ళలో బట్టల నీలిమందు కలిపాం. తెల్లటి సున్నపు గోడ మీద ఎక్కడ కారినా నీలి మరక పట్టిస్తుంది. ఒక అతుకు దగ్గర నీలి చుక్క కనిపించింది. మేస్త్రి గారు ఏమీ అనకుండా కడ్డీ మళ్ళీ బొగ్గుల్లో పెట్టారు.

నీళ్ళు చివరికి ఎక్కడికి పంపాలన్నదే పెద్ద చర్చ. ఇంకుడు గుంత తవ్వమని అందరూ అన్నారు. హైదరాబాదులో అయితే నేనూ అదే అనేదాన్ని. మా దగ్గర వానాకాలం మూరెడు తవ్వితే నీళ్ళు ఊరుతాయి, ఇక గుంతలో ఇంకేదేమిటి? అందుకని చపటా అంచున చిన్న కాలవ తీసి దొడ్డి వెనక బోదెలో కలిపాం. పక్కింటి పిన్నిగారు మొదట గొడవ పెట్టుకున్నారు, మీ నీళ్ళు మా అరటి చెట్ల మొదట్లోకి వస్తాయని. ఆవిడ భయం అర్థం లేనిది కాదు. చూరు నీళ్ళ మీద కోర్టుల దాకా వెళ్ళిన అన్నదమ్ములు మా ఊళ్ళోనే ఉన్నారు. ఆవిడను వెంటబెట్టుకుని వెళ్ళి బకెట్లతో నీళ్ళు పోసి, ఎటు పోతున్నాయో చూపించాను. కాలవను ఇంకో గజం అవతలికి జరిపితే సరేనన్నారు. జరిపాం.

జూన్ వానలకు గోడ పొడిగానే ఉంది. కానీ జూలైలో ఒక రాత్రి కుండపోతకు మూల దగ్గర నీళ్ళు మళ్ళీ దూకాయి. రెండు వాలుల నీళ్ళు ఒకచోట కలిసి వచ్చే జోరుకు గట్టరు ఎంత లోతున్నా ఆగవు. మేస్త్రి గారు వచ్చి గట్టరు ముందు అంచు మీద, ఆ మూల వరకే, జానెడు ఎత్తు రేకును నిలువుగా బిగించారు. నీళ్ళు దానికి కొట్టుకుని లోపలికే పడుతున్నాయి. దీన్ని ఎదురు రేకు అన్నారాయన. చూడ్డానికి అంత అందంగా లేదని మావారి ఫిర్యాదు.

గోడకు మాత్రం వెంటనే సున్నం వేయించలేదు. లోపలి తడి ఆరాలంటే నెలలు పడుతుంది. సిమెంటు ప్లాస్టరింగ్ కూడా వద్దన్నాను. సున్నంతో కట్టిన పాత గోడ మీద సిమెంటు పూస్తే తడి బయటికి రాలేక లోపలే ఉండిపోతుంది, కొన్నాళ్ళకు పూతంతా అట్టలుగా లేస్తుంది. బీరువాను గోడ నుంచి జరిపి, ఊడిన చోటంతా గీకేసి అలాగే వదిలేశాం. సంక్రాంతికి చుట్టాలు వచ్చి ఆ గోడ చూసి ఏమనుకున్నా అనుకోనీ అని, ఆ తర్వాతే సున్నం పెట్టించాను.

ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు నిచ్చెన వేస్తున్నాం. మే చివర్లో ఒకసారి, దసరా సెలవుల్లో ఒకసారి. మా వైపు అసలు తుఫాన్లు అక్టోబరు, నవంబరుల్లోనే కాబట్టి రెండోది తప్పకూడదు. పెద్ద గాలి వీచిన మర్నాడు జాలీ దగ్గర మాత్రం పొడుగు గెడతో కదిపి చూస్తాను. డోర్ టీ మూత విప్పడం మా అబ్బాయి పని. వాడికి అందులోంచి ఏం వస్తుందోనని సరదా. చూరు మీదికి వంగిన మునగ కొమ్మలు కొట్టించేశాం, వేపను మాత్రం ముట్టుకోలేదు.

ఉత్తరం వైపు గట్టరు ఇంకా పాతదే. అక్కడ పట్టీలు గట్టిగానే ఉన్నాయి గానీ అడుగు రేకుకు సూది మొనంత కన్నాలు పడ్డాయి, మధ్యాహ్నం ఎండలో కింద నిలబడితే వెలుతురు కనిపిస్తుంది. దానికి టంకం చాలదు, రేకే మార్చాలి. వచ్చే మే నెలకు మేస్త్రి గారికి ఇప్పుడే చెప్పి ఉంచాను. రేకు ధర పెరక్కముందే కొని అటక మీద పడేయమన్నారు.